వెనకబడని వాచీ

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం వరంగల్ స్టేషన్‌లో కూర్చొని కూర్చొని నడుము పడిపోయింది. బండి ఎప్పుడొస్తుందో చెప్పే దిక్కు లేదు. పక్కనున్న నడివయసు మనిషి చేతికి పాత వాచీ కనిపిస్తే టైం అడిగాను. ఆయన దాన్ని చూడలేదు. గోడ గడియారం చూసి చెప్పాడు.

“వాచీ నడవదా అన్నా?”

“నడుస్తది. ఒక్క నిమిషం తేడా రాదు,” అన్నాడు అలసటగా. “నేనే చేసిన తమ్మీ.”

పాత వాచీలు విప్పి బిగించడం, వాటిలో ఏది అసలుదో, ఏది డూప్లికేటో పట్టుకోవడం ఆయనకు సరదా అట.

“బాపు సచ్చిపోయిననాడు దవాఖానల ఆయన వాచీ ఎవరో కొట్టేసిండ్రు. రిపేరుకిచ్చిన అని అవ్వకు అబద్ధం చెప్పిన. పాత సామాను ఏరుకొచ్చి అసొంటిదే చేసిన. అద్దం మీది గీతలు గూడ దించిన. ఎవరన్న తెచ్చి చూపిస్తే నేను గూడ అసలుదే అంటుంటి.”

“మరి మీ అమ్మ? నాన్న వాచీ అనే అనుకుందా?”

“బాపు వాచీ రోజూ వెనకబడేది. పొద్దుగాల రేడియో వార్తలప్పుడు అవ్వ ముల్లు జరిపి, ఆయన చేతికి కట్టేది. ఇది ఇచ్చిన తెల్లారి గట్లనే రేడియో పెట్టింది. జరిపే పనే పడలే. జరసేపు చూసి, తెచ్చి నా చేతికి కట్టింది. ‘నువ్వే పెట్టుకో బిడ్డా’ అన్నది. మళ్ల వాచీ మాట ఎత్తలే.”

బండి వచ్చేదాకా ఇద్దరం గోడ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాం.