బావ తొక్కిన ఆదివారాలు

మా బావ పోయాడన్న కబురు మిల్లు గేటు జవాను తెచ్చాడు. తాలూకా ఆఫీసులో ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. "తెల్లారంగ దవాఖానల పానం ఇడిసిండు సార్. ఇంటోళ్లు ఎవలన్న రావాలెనట" అన్నాడు. కామెర్లతో చేరి అయిదు రోజులయిందట. ఒకే ఊళ్లో ఉంటూ ఆ సంగతి కూడా తెలియనివాణ్ణి ఆయన గురించి ఏం రాయగలను? కాని రాయవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన మిల్లులో ఫిట్టరు. ఎవరింటికి వెళ్లినా ఊరికే కూర్చునేవాడు కాదు. వదులైన గొళ్లెమో, కిర్రుమనే తలుపో ఆయన కంట పడేది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసేవాడు. మా అమ్మ కుట్టుమిషను ఈనాటికీ నడుస్తోందంటే అది ఆయన చేతి చలవే.

పెళ్లయిన ఆరో ఏట మా అక్క పోయింది. పిల్లలు లేరు. నెల రోజులు మావాళ్లు ఆయనకు అన్నం పంపారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆ ఏడు దసరా దాటాక ఆయన సైకిల్ పందేలకు పేరిచ్చాడని తెలిసింది. ఆయనకప్పుడు ముప్పై నాలుగేళ్లు. తక్కినవాళ్లంతా కాలేజీ కుర్రాళ్లు, పోలీసు జవాన్లు. బావది డ్యూటీకి తొక్కే నల్ల సైకిలే. మడ్‌గార్డులు, క్యారియరు విప్పేశాడు, అంతే.

పందేలు ఆదివారం పొద్దున జరిగేవి, సరిగ్గా మా చర్చిలో ఆరాధన వేళకు. భార్య పోయి ఏడాది తిరగలేదు, ప్రార్థన మాని పందేలేమిటని సంఘ పెద్దలు నొచ్చుకున్నారు. నేనూ నొచ్చుకున్నాను. మావాళ్లెవరూ చూడటానికి వెళ్లలేదు.

మొదటి పందెంలో రైలు గేటు దగ్గర ముందు చక్రం పట్టాల సందులో ఇరుక్కుని పడ్డాడు. రెండోసారి చైను తెగి, సైకిలు నడిపించుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. మూడోసారి ముందున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకరికొకరు తగిలి పడితే వాళ్ల మీద పడ్డాడు. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఈయనకు ముందుపన్ను విరిగింది.

ఆ సాయంత్రం అమ్మ కూర ఇచ్చి పంపింది. బావ గడప మీద కూర్చుని అరచేతిలో దిగిన కంకర రవ్వలు సూదితో తీసుకుంటున్నాడు. వాచిన ఎడమచేతికి సూది నిలవడం లేదు. సూది నేనందుకున్నాను. "పడ్డంక అందరు మొదలు సైకిల్ జూస్తరు. చేతులు జూస్కోవాలె" అన్నాడు నవ్వుతూ. ఎందుకు బావా ఈ తిప్పలు అని అడిగాను.

"మిల్లుల ఆరు దినాలు మిషిన్ల సప్పుడుంటది. ఐతారం ఇంట్ల ఏ సప్పుడుండది. తొక్కుతాంటె నా ఊపిరన్న నాకు ఇనవడతది."

చివరి పందెం వర్ధన్నపేట దాకా వెళ్లి తిరిగి రావడం. అక్కడి మలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ల కార్డుల మీద సంతకం చేసే మనిషి కావాలని పందేల కమిటీవాళ్లు వెతుకుతున్నారట. బావ మా ఇంటికి వచ్చి, "జర నువ్వు నిలవడరాదు? తొవ్వల మనోడు ఒక్కడన్న ఉంటె మంచిగుంటది" అన్నాడు. సరేనన్నాను.

ఏడుగురు వచ్చారు. ఏడు సంతకాలు చేశాను. రావలసిన ఎనిమిదోవాడు బావ. అకాల వాన పట్టుకుంది. అటుగా వచ్చిన లారీ డ్రైవరు, దారిలో ఒకాయన చక్రం వంగి చెట్టు కింద కూర్చున్నాడని చెప్పాడు. ఇంకేముంది, మళ్లీ పడ్డాడు, ఇక రాడు అనుకున్నాను. గంట చూసి బస్సెక్కాను. వానకు బస్సు పరదాలు దించేశారు. నేను పరదా ఎత్తి చూడలేదు.

సంతకం లేని కార్డుతో బావ చీకటి పడే వేళకు చేరాడట. కమిటీవాళ్లు అడిగితే "నడుమల్నే మర్లిన" అన్నాడట. వాళ్లు నవ్వారు. నేనూ నమ్మాను. సగం దారిలో తిరిగి వచ్చేదానికి నన్నెందుకు వానలో నిలబెట్టావని కసురుకున్నాను కూడా.

మూడు నెలల తర్వాత ఆఫీసు పని మీద వర్ధన్నపేట వెళ్లాను. మలుపు దగ్గరి హోటలతను నన్ను గుర్తుపట్టాడు. "మీరు బస్సెక్కినంక జరసేపటికే ఒకాయన తడుసుకుంట వచ్చిండు సార్. మోచెయ్యంత నెత్తురు. మా బామ్మర్ది ఏడి అన్నడు. పోయిండని చెప్పిన. చాయ్ తాగమంటె తాగలె. రోడ్డు మీదనె కొద్దిసేపు నిలవడి మర్లిండు."

అక్కణ్ణుంచి నేరుగా బావ దగ్గరికే వెళ్లాను. కమిటీకి నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నీ పేరు చెప్పాలె గద" అన్నాడు. "ఆడిదాంక పోయి మర్లొచ్చిన సంగతి ఇన్నొద్దులు నాకొక్కనికె ఎర్క. ఇప్పుడు ఇద్దరమైనం. సాలు తియ్" అన్నాడు.

కమిటీ దగ్గరికి వెళ్లి చెప్పవలసింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ మానేశాను. సిగ్గుతో ఆయన ఇంటికి వెళ్లడం కూడా తగ్గించాను. ఇప్పుడు చెబుతున్నాను: మా బావ ఆ రోజు వంగిన చక్రంతో వర్ధన్నపేట దాకా వచ్చాడు, తొక్కుకుంటూ తిరిగి వెళ్లాడు. నేనే అక్కడ లేను.

తర్వాత ఆయన ఏ పందేనికీ పేరివ్వలేదు. ఆదివారాలు మాత్రం ఒక్కడే ఎటో తొక్కుకుంటూ పోయేవాడట. పోయిన నెల ఒక ఆదివారం రైల్లో నెక్కొండ వెళుతున్నాను. పట్టాల పక్కనే బాట సాగేచోట ఆయన కనిపించాడు. జుట్టు బాగా నెరిసింది. కిటికీలోంచి చెయ్యి చాపి రెండుసార్లు పిలిచాను. రైలు చప్పుడులో వినిపించలేదు. తల వంచుకుని, తొందర లేకుండా తొక్కుతున్నాడు. రైలు ఆయన్ని దాటింది. కోసిన వరిమళ్ల మధ్య తెల్లచొక్కా కాసేపు కనబడుతూనే ఉంది.