కలుపనుకున్న మొలక

జమ్మలమడుగు ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని నర్సు తన దేశానికి వెళ్లిపోతూ నాకొక పొట్లంలో రోజ్‌మేరీ విత్తనాలిచ్చింది. కూరల్లో వేసుకునే వాసన ఆకట. మొలవడానికి నెల పడుతుందని, నీళ్లు ఎక్కువ పోయొద్దని చెప్పింది. పెరట్లో మరువం పక్కన, ఓటికుండలో ఇసుకమట్టి నింపి చల్లాను. నేను టీచరును. బడికి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి ఆ కుండలోకి తొంగిచూసేదాన్ని. నెల దాటాక మూడంటే మూడు మొలకలొచ్చాయి.

రెండో రోజు బడి నుంచి వచ్చేసరికి కుండలో ఉత్త మట్టి. మా అత్త చిన్నప్పటి నుంచి శెనక్కాయ చేలలో కలుపు తీసిన మనిషి. తానెరగని మొలక కంటబడితే ఆమె చేయి ఊరుకోదు.

"ఎవరు పీకమన్నారత్తా? కండ్లు లేవా నీకు?" అని అరిచాను.

"కలుపనుకుంటినమ్మే," అంది, వేళ్ల మట్టి కొంగుకు తుడుచుకుంటూ.

నేను మెత్తబడలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ తర్వాత కూడా పెరట్లో కలుపు తీసేది ఆమే. కానీ పుట్టినప్పటి నుంచి ఎరిగిన గరిక దగ్గర కూడా వంగి, చేయి ఆపి, నా వైపు చూసేది.

"ఇది పీకల్నా, వద్దామ్మే?"

చనిపోయేదాకా అడుగుతూనే ఉంది.