తోడుకోని పాలు

ఆలేరులో స్టేషన్‌కు పోయే దారి మీద నేను పెరుగు అమ్ముతాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను. పాలు మా బావ ఇంటి నుంచి వచ్చేవి. బావ అంటే నా భర్తకు అన్న. ఆలేరు పక్కనే ఉన్న మా ఊళ్లో మావి పక్కపక్క ఇండ్లు. బర్రెలు ఆయనవి, గోబర్ గ్యాస్ గుంత రెండిండ్లకూ ఒకటే.

ఒక ఎండాకాలం పొద్దున తోడు పెట్టిన మట్టి గురుగుల మీది మూతలు తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి. పులుపు వాసన కూడా లేదు. తోడు మార్చి మళ్లీ వేశాను. మరునాడూ అంతే, నీళ్లలాగా.

మా అత్త గురుగుల వంక చూసి నా వంక చూసింది. ముట్టున్న దినాల్లో వాటిని ముట్టుకున్నావా అని అడిగింది. ప్రతి నెలా ముట్టుకుంటూనే ఉన్నాను, ఇన్నేండ్లూ మీరందరూ తిన్నది ఆ పెరుగే అన్నాను. ఇల్లంతా రభస అయింది. వాడకట్టులో నా చెయ్యి మంచిది కాదన్న మాట పుట్టింది. నా భర్త కూడా, కొన్నాళ్లు అమ్మనే తోడెయ్యనీ, గొడవెందుకు అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం వాడకట్టు చివరింటి నుంచి పాలు కొనుక్కొచ్చాను. వాటిని ఒక గురిగిలో, బావ పాలను మరొక గురిగిలో పోశాను. ఒకే పొయ్యి మీద కాచాను. ఒకే గిన్నెలోని తోడు, అందరూ చూస్తుండగా, నా చేత్తోనే వేశాను. ఆ రోజు నేను నిజంగానే ముట్టులో ఉన్నాను. ఆ సంగతీ అందరికీ వినబడేటట్టే చెప్పాను.

తెల్లవారి చూస్తే, కొన్న పాలు గట్టిగా పేరుకున్నాయి. బావ పాలు అట్లాగే ఉన్నాయి. రెండు గురుగులూ తీసుకుపోయి అత్త ముందు పెట్టాను.

"జూడు అత్తా. చెయ్యి ఒక్కటే, తోడు ఒక్కటే. పాలల్లనే ఏదో ఉన్నది."

ఆమె పెరుగున్న గురిగి పట్టుకుని లోపలికి పోయింది.

బావను నిలదీస్తే అప్పుడు చెప్పాడు. రెండు బర్రెలకు పొదుగువాపు. మందుల షాపులో సూదులు కొని తనే పొడుస్తున్నాడు. వాపు కాస్త తగ్గగానే ఆపుతున్నాడు, తిరగబెడితే మళ్లీ పొడుస్తున్నాడు. ఆ పాలే మాకూ, పాలకేంద్రానికీ పోస్తున్నాడు. అన్ని పాలల్లో ఆ కాస్త మందుతో ఎవరికేమవుతుందని నన్నే అడిగాడు.

ఆలేరు పశువుల దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగాను. తోడును పేరుకోనివ్వనిది ఆ మందేనని, సూదులు వేసినన్ని రోజులూ, ఆపిన తర్వాత మందు పూర్తిగా దిగిపోయేదాకా ఆ పాలు ఎవరూ తాగకూడదని, దుడ్డెలకు కూడా పట్టకూడదని చెప్పింది. ఆ మాట బావకు చెబితే, కోపంతో పాలన్నీ తెచ్చి గోబర్ గ్యాస్ గుంతలో గుమ్మరించాడు. అట్లా చాలా రోజులు చేశాడు. పొయ్యి మంట రోజురోజుకూ చిన్నదై, ఒకనాడు అసలు అంటుకోలేదు.

డాక్టరమ్మ మా వాకిట్లోకి వచ్చి ఆ గుంత చూసింది. అందులో కంటికి కనబడని పురుగులు ఎన్నో రకాలు ఉంటాయట. ఒక రకం పెండను విరగగొడితే, అది మిగిల్చింది ఇంకొక రకం తింటుంది. ఆఖరి రకం గ్యాస్ చేస్తుంది. పాలు ఎక్కువై గుంత పులిసి ఉండొచ్చు, పాలల్లోని మందు కూడా కొన్నింటిని చంపి ఉండొచ్చు అంది. ఆమెకు అసలు భయం చచ్చినవాటి గురించి కాదు, బతికినవాటి గురించి. మందును తట్టుకున్నవి ఖాళీ అయిన జాగాలో పెరుగుతాయి. తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి పురుగులకూ అందిస్తాయి. ఆ గుంతలోని మడ్డినే మేం పొలానికి వేస్తాం. వాన పడితే అది వాగులో కలుస్తుంది.

"మందు ఆపినా, నేర్చుకున్న బలం గంత జల్ది పోదమ్మా," అంది.

వానలు మొదలయ్యాక మూడో బర్రెకు పొదుగు వాచింది. బావ అవే సూదులు వేశాడు, తగ్గలేదు. పాలు పరీక్షకు పంపితే, ఆ మందుకు లొంగని క్రిమి అని తేలింది. డాక్టరమ్మ మందు మార్చింది. బర్రె బతికింది గాని రెండు చన్నులు ఎండిపోయాయి. బావ కొట్టంలో తల పట్టుకుని కూర్చుంటే, ఆ పూట బర్రెలకు గడ్డి నేనే వేశాను. అయినా మరునాడు ఆయన క్యాను ఎత్తుకుని కేంద్రానికి బయలుదేరితే వాకిట్లో అడ్డం నిలబడ్డాను. ఆడదానివి, నా దారికి అడ్డమొస్తావా అన్నాడు.

"వస్త. గీ పాలు సూది ఏసిన బర్రెవని కేంద్రం కాడ నేనే చెప్త. తిడితే తిట్టు, బావా. నేను మాత్రం జరుగ."

అప్పుడు అత్త బయటికి వచ్చి, నా పక్కన నిలబడి, క్యాను కింద పెట్టమని పెద్దకొడుకుతో చెప్పింది. ఆయన పెట్టాడు.

పక్క ఊరి గుంత నుంచి మడ్డి తెచ్చి పోస్తే మా పొయ్యి మెల్లగా మళ్లీ వెలిగింది. ఇప్పుడు సూది వేసిన బర్రె పాలు వేరుగా పిండి, వాగుకూ బావికీ దూరంగా తీసిన గుంతలో పోస్తున్నాం. అది కూడా పూర్తిగా మంచి పని కాదని నాకు తెలుసు. అందుకే డాక్టరమ్మ చూడనిదే సూది వేయనివ్వను.

మొన్న గ్రామసభలో ఈ సంగతి ఎత్తితే, ఊరి పాలకు చెడ్డపేరు తెస్తున్నావని నలుగురు లేచారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. డాక్టరు చిట్టీ లేకుండా పశువుల సూదులు అమ్మవద్దని పూర్తిగా చెప్పాకే ఆపాను. సభ ఏమీ తీర్మానించలేదు. మందుల షాపాయన ఇప్పటికీ అమ్ముతున్నాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా గుమ్మం ముందు ఆగి, చిట్టీ ఏదని కొనేవాళ్లను అడుగుతాను. ఆయనకు నేనంటే పడదు. పడకపోతే పోనీ.