పిచ్చుకల మూకుడు

నాలుగో అంతస్తు మామ్మగారికి పిచ్చుకలంటే ప్రాణం. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, పిట్టగోడ మీది మట్టిమూకుట్లో వాటికి నీళ్ళు పోసేవారు. సరిగ్గా దాని కిందే, వీధిలో, ఇస్త్రీ అతని బల్ల ఉంది. ఆ సంగతి ఆవిడ ఏనాడూ ఆలోచించలేదు.

ఒకరోజు కాకులు రెండు దెబ్బలాడుకుని మూకుడును తోసేశాయి. అది ఇస్త్రీ చేస్తున్న చేతికి జానెడు దూరంలో పడి ముక్కలైంది. మామ్మగారు ఆ చప్పుడుకి మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి కిందికి పరుగెత్తుకొచ్చారు.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"నా తల ఇంకా భుజాల మీదే ఉంది మామ్మగారూ. కాస్త ఇటు పడుంటే మీ పుణ్యం నా ప్రాణం మీదికొచ్చేది."

"ఇంక నీళ్ళు పెట్టనులే బాబూ," అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"అవేం పాపం చేశాయి? ఇదిగో, ఇంకో మూకుడు నా బల్ల పక్కన నేల మీద పెట్టండి. నేను చూసుకుంటాగా!"

మర్నాడు మెట్లు దిగే ఓపిక లేక మామ్మగారు నీళ్ళచెంబుకు తాడు కట్టి పైనుంచి వదలబోయారు. అతను కిందినుంచి రెండు చేతులూ ఊపాడు.

"మళ్ళీ పైనుంచేనా! ఆగండి తల్లీ, నేనే వస్తున్నా!"

ఆనాటి నుంచి రోజూ ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా అతనే మెట్లెక్కి వెళ్ళి ఆ చెంబు తెచ్చి పిచ్చుకలకు నీళ్ళు పోస్తున్నాడు.