ఫైనల్‌కు ఊఁ కొట్టడం

ఐర్లండ్‌లోని కాజిల్‌బార్‌లో నేను చూసుకునే ముసలావిడ, డెబ్బై ఏళ్ళ కిందట ఆడవాళ్ళ టెన్నిస్ ఫైనల్లో ఆఖరి బంతి నెట్‌కు కొట్టి ఓడిపోయింది. రోజూ టీ తాగుతూ ఆ ఆటంతా చెప్పేది. నేను ఊఁ కొట్టేదాన్ని.

“ఏంటమ్మాయ్ ఆ మూలుగు, కడుపునొప్పా?”

“మా ఇళ్ళల్లో ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తారండీ.”

“గ్రాండ్! అయితే కొట్టు.”

మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ ఊఁ కొట్టడం రాదు. నా కథలు నాలోనే ఉండిపోయాయి.

ఈమధ్య ఆవిడకు మతిమరుపు వచ్చి ఆట మొత్తం మరిచిపోయింది. నాకు ప్రతి బంతీ గుర్తే. ఇప్పుడు నేను చెబుతుంటే ఆవిడ ఊఁ కొడుతోంది. నిన్న ఆఖరి బంతి దగ్గరికి వచ్చేసరికి పెదవులు బిగించి నా వైపే చూసింది. ఊఁ అనలేదు.

నేనూ అక్కడే ఆపేశాను. ఇద్దరం చల్లారిన టీ తాగాం.