పడవను పసుపు బస్తాలా కట్టిన రోజు

పసుపు లోడు తీసుకుపోవడానికి ఆర్మూర్ మార్కెట్‌కు వచ్చిన లారీ, ఖాళీగా రావడమెందుకని కాకినాడ నుంచి నా ఫైబర్ పడవను వేసుకొచ్చింది. యార్డు పక్కన దింపేసి, ఇక మీ చావు మీరు చావండన్నట్టు డ్రైవర్ టీ తాగడానికి వెళ్లాడు. అక్కడి నుంచి పోచంపాడు ప్రాజెక్టు నీళ్ల దాకా మా మామ ట్రాక్టర్ ట్రాలీ మీద తీసుకుపోవాలి. గల్ఫ్ నుంచి వచ్చేసి, చేపలు పట్టుకుని బతుకుదామని కొన్న పడవ అది. తేలితే ఇంటి దగ్గర ఉంటాను. లేకపోతే మళ్లీ విమానమే. ఆ ఎండల్లో పనిచేసి పనిచేసి ప్రాణం విసిగిపోయింది.

పడవను ఎక్కించడానికి హమాలీలు సాయం పట్టారు. ట్రాలీ కన్నా పడవ పొడుగు. వెనక భాగం గాల్లో వేలాడింది.

"బస్తాలు గూడ గిట్లనే బయటికి ఎల్తయి, ఏం గాదు" అన్నాడు మామ.

మా దగ్గర దేన్నైనా కట్టే పద్ధతి ఒక్కటే. పైనుంచి తాడు వేసి, కర్ర దూర్చి మెలిపెట్టి, బస్తా నడుం లోపలికి పోయేదాకా బిగించాలి. పసుపుకు అది మంచిదే.

"జర ఆగు మామా, గది బస్త గాదు."

"పుట్టిన కాడికెళ్లి కడుతున్న, నాకే చెప్తవా అల్లుడా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మామకు అల్లుడు ఇంకా లోకువ. పొద్దున్నుంచి నిలబడి కాళ్లు పీకుతున్నాయి, వాదించే ఓపిక నాకు లేదు. వేలాడుతున్న వెనక భాగాన్ని కిందికి గుంజి మరీ కట్టారు.

నేను పడవ పక్కనే ట్రాలీలో కూచున్నాను. పెర్కిట్ దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఎగరగానే, ట్రాలీ అంచు మీద ఆనిన చోట పడవ అడుగు కర్రుమంది. నా గుండె జారిపోయింది.

"ఆపు మామా!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! తాళ్లన్నీ విప్పాం. రోడ్డు పక్క టైర్ల షాపువాళ్లు పాత టైర్లిచ్చి, ఎత్తడానికి చెయ్యి కూడా వేశారు. సామిల్లు నుంచి పొడుగు దుంగలు తెచ్చి అడుగున పరిచాం. వెనక భాగం ఇప్పుడు గాల్లో కాక చెక్క మీద ఆనింది. దొర్లకుండా రెండు పక్కలా టైర్లు పెట్టాం. ముక్కుకున్న కొక్కేనికి తాడు వేసి ట్రాలీ ముందు భాగానికి కట్టాం. నెట్టి చూస్తే కదలకూడదు, అంతవరకే బిగింపు. తాడు ఒరుసుకునే చోట మామే గోనెసంచులు మడిచి పెట్టాడు. నాకు కోపం రావాల్సింది, కానీ దానికీ ఓపిక కావాలి కదా.

నీళ్ల దగ్గరికి చేరేసరికి మా ఆవిడ ఆటోలో వచ్చి ఎదురుచూస్తోంది. దారిలో జరిగింది మామ చెప్పాడు. పడవను నీళ్లలోకి నెట్టి, నేను ఎక్కి, కర్రుమన్న చోట అరచెయ్యి ఆనించి కూచున్నాను. పైరంగు మీద సన్నని గీత కనిపిస్తోంది. చాలాసేపు చూశాను. తడి రాలేదు.

ఒడ్డు నుంచి మా ఆవిడ పడవ సంగతి అడగలేదు.

"మల్ల పోతవా?" అంది.

"పోను."

సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఇదే మాట అన్నాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి వచ్చి, పడవెక్కి నా ఎదురుగా కూచుంది.