మైకు మామ చెప్పిన పాత మాట

అతని అసలు పేరు తెలిసినవి రెండే: భార్య, గుర్తింపు కార్డు. మిగతా ఊరంతటికీ అతను మైకు మామ. సినిమా హాలు బండిలో కూర్చుని, కొత్త సినిమా కబుర్లు గొంతు చించుకుని చెప్పడం అతని పని.

అలాంటివాడికి చెవి ఒగ్గి వినే మనిషి దొరికితే ఆగుతాడా? యూనివర్సిటీ నుంచి మానవశాస్త్రం మేడమ్ వచ్చింది. 'మేం ఫలానావాళ్లం' అనే గుర్తింపు సినిమాల వల్ల ఎలా ఏర్పడుతుందన్నది ఆమె పరిశోధన. రెండేళ్లు రికార్డరు ముందు పెట్టుకుని వింది. మామ కడుపులో ఏదీ దాచుకోలేదు.

"మా వీధిలో సగం మందిమి సరిహద్దు అవతల్నుంచి వచ్చినవాళ్లమే మేడమ్. ఈ మాట, ఈ యాస సినిమాలు చూసే నేర్చుకున్నాం. అందరిచేతా డైలాగులు బట్టీ పట్టించింది నేనే! ఇప్పుడెవరూ కనిపెట్టలేరు. ఉలిక్కిపడితే మాత్రం 'ఉయ్యో' అని పాత మాట తన్నుకొచ్చేస్తుంది" అని పకపకా నవ్వాడు.

"మీ పేరు ఎక్కడా రానివ్వను" అని ఆమె మాటిచ్చింది. నిలబెట్టుకుంది కూడా. పుస్తకంలో అసలు పేరు మచ్చుకైనా లేదు. 'మైకు మామ' అని మాత్రం పేజీ పేజీకీ ఉంది. అంత చదువు చదివిన మహాతల్లికి ఆ మాత్రం తట్టలేదు!

పుస్తకం వచ్చిన ఏడాదికి ప్రభుత్వం మారింది. బయటివాళ్లను ఏరి పంపించేస్తామన్నారు. పక్క వీధిలో రెండిళ్లకు తాళాలు పడ్డాయి. మామకు తిండి సయించడం మానేసింది.

ఒక పొద్దున ఇద్దరు ఆఫీసర్లు ఇంటికొచ్చారు. పొడుగాయన చేతిలో ఆ పుస్తకం, మధ్యలో గుర్తుగా కాగితం ముక్క.

"మైకు మామ అంటే మీరేనా?"

కాదనడానికి లేదు. తలుపు మీద రాసే ఉంది.

మామ కార్డు చూపించాడు. అడిగినవాటికి తడబడకుండా జవాబు చెప్పాడు. పొడుగాయన తలూపుతూనే, స్టూలు మీదున్న పాత లౌడ్‌స్పీకరు మీద చెయ్యి వేశాడు. ఎందుకో మామకు అర్థమైపోయింది. పళ్లు బిగబట్టాడు. లోపల భార్య గిన్నెలు తోముతోంది. ఆమెను హెచ్చరించాలంటే నోరు విప్పాలి. ఊరంతా వినపడే ఆ గొంతు ఇప్పుడు వంటింటి దాకా కూడా పెగల్లేదు.

లౌడ్‌స్పీకరు దభేలున గచ్చు మీద పడింది. మామ కిక్కురుమనలేదు.

"ఉయ్యో!" అంది లోపల్నుంచి భార్య. "ఏం పడిందండీ?"

పొడుగాయన పుస్తకం మూసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"అమ్మగారి పేరు చెప్పండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.